ఎనిమిదో పరజ

మా ఇంట్లో తెలివికి కొదవ లేదు. ఈ మాట నేను అన్నది కాదు. మా తాత పైడయ్య రోజూ పొద్దున్నే పళ్ళు తోముకుంటూ అంటాడు. వేపపుల్ల నోట్లో ఉండగా అంటాడు కాబట్టి బయటివాళ్ళకి సరిగ్గా అర్థం కాదు. మాకు అలవాటే.

మాది కొల్లేటి ఒడ్డున చిన్న టౌను. బస్టాండు ఎదురుగా సైకిల్ షాపు మాదే. అందులో మా తాత, మా నాన్న నాంచారయ్య, నాన్న తమ్ముళ్ళు ఏడుకొండలు చిన్నాన్న, బుల్లియ్య చిన్నాన్న. నలుగురూ కలిసి ఒక పంక్చర్ వేస్తారు. ఒక్కడే వేస్తే తప్పు ఆ ఒక్కడి మీద పడుతుంది, నలుగురు వేస్తే తప్పు ఎవరిదో తెలియదు అని తాత లెక్క.

మా తాత తెలివి ఎలాంటిదో చెప్తాను. ఒకసారి ఒక మేష్టారు షాపు దగ్గరకొచ్చి, పైడయ్యా, ఈ సైకిల్ కాస్త పట్టుకో, ఇప్పుడే వస్తా అని హేండిల్ తాత చేతిలో పెట్టి బస్సెక్కారు. ఇంకేముంది, తాత పట్టుకున్నాడు. మేష్టారు నాలుగో రోజు వచ్చారు. అప్పటిదాకా తాత హేండిల్ వదల్లేదు. నాయనమ్మ అక్కడికే అన్నం తెచ్చి ముద్దలు పెట్టింది. తాత సీటు మీద తల వాల్చి నిద్రపోయాడు. స్టాండు వెయ్యొచ్చుగా అని మేష్టారు అడిగితే, మీరు పట్టుకోమన్నారు గానీ స్టాండు వెయ్యమన్నారా అన్నాడంట తాత. మేష్టారు సైకిలెక్కి వెళ్ళిపోయారు. చదువుకున్నాయన నోరే మూయించామని ఆ ఏడాదంతా మా ఇంట్లో ఒకటే సంబరం.

ఇప్పుడు చెప్పే సంగతి జరిగినప్పుడు నేను కూడా అక్కడే ఉన్నాను. కాకపోతే అమ్మ కడుపులో ఉన్నాను. అంచేత చూడలేదు, విన్నాను. వినపడని ముక్కలు అమ్మ తర్వాత చెప్పింది. నాకు నలుగురిలో నోరు పెగలదు, అందుకని రాస్తున్నాను. అయిదో క్లాసు దాకానే చదివాను. తప్పులుంటే చూసీ చూడనట్టు పొండి.

అప్పటికింకా పిట్టల్ని పడితే మనల్ని పట్టుకుపోయే రోజులు రాలేదు. కార్తీకం అయిపోయింది, ఇంక నీచు తినొచ్చు. చలి మొదలైంది. కొల్లేట్లో పరజలు దిగాయి. పరజంటే చలికాలం కొల్లేటికొచ్చే అడవి బాతు. కొత్తగా దిగిన పరజకి మనిషి సంగతి తెలియదు, పడితే ఆ మొదటి రోజుల్లోనే పట్టాలంటారు. అమ్మకి అప్పుడు ఏడో నెల. ఆదివారం నాడు పెరట్లో బట్టలు ఆరేస్తుంటే నెత్తిమీంచి పరజల గుంపు పోయింది. అంతే. అమ్మకి పరజ కూర మీద మనసు పోయింది.

నాయనమ్మ విని గాభరా పడింది. కడుపుతో ఉన్న మనిషి కోరిక తీరకపోతే పుట్టేవాడికి చెవి కారుతుందంట. ఎవరి చెవి? నా చెవి. పైగా గురువారం మా అమ్మమ్మ గారి ఊరినుంచి బండి వస్తుంది, అమ్మని పురిటికి తీసుకెళ్తారు. ఆ సాయంత్రం అమ్మ నాన్నని పిలిచి నిలబెట్టి చెప్పింది.

"మా నాన్న గురువారం వస్తాడు. ఈలోగా ఒక్క పరజ. ఒక్కటంటే ఒక్కటి. అది కూడా తేలేని ఇంటికి, బిడ్డ నడక నేర్చి తన కాళ్ళతో తాను నడిచొచ్చేదాకా నేను రానండీ."

నాన్న హడలిపోయాడు. అమ్మ పుట్టిల్లు పన్నెండు మైళ్ళు. పన్నెండు మైళ్ళు నడవాలంటే బిడ్డకి ఎన్నేళ్ళు రావాలి అని వెళ్ళి తాతనడిగాడు. తాత బాగా ఆలోచించి, దార్లో రెండు కాలువలు కూడా ఉన్నాయి కాబట్టి ఎనిమిదేళ్ళన్నా రావాలన్నాడు. ఎనిమిదేళ్ళు అమ్మ లేకుండా ఎట్టా ఉండాలిరా దేవుడా అని నాన్న ఆ పూట అన్నం ముట్టుకోలేదు.

మర్నాడు సైదులు పంక్చరైన సైకిల్ తోసుకుంటూ షాపుకొచ్చాడు. సైదులుది కొల్లేటి లంక. చేపలు పడతాడు, చలికాలం పిట్టలు పడతాడు. వల లేకుండా, తుపాకీ లేకుండా వట్టి చేతుల్తో పరజల్ని పడతాడని పేరు. నాన్న తన గోడు చెప్పుకున్నాడు. ఆ బాధలో ట్యూబుకి వెయ్యాల్సిన పట్టీ టైరుకి వేశాడు. సైదులు అది కూడా పట్టించుకోకుండా జాలిపడి తన విద్యంతా చెప్పేశాడు.

"ఇంట్లో ఖాళీ కుండలు తీసుకెళ్ళి నీళ్ళలో బోర్లించి వదలండి. రెండ్రోజులు అట్టా తేలనివ్వండి. పిట్ట కుండకి అలవాటు పడాలి. కుండ మీద నాలుగు వడ్లు వెయ్యండి, దగ్గరికొస్తాయి. మూడో రోజు తెల్లారగట్ట, కళ్ళకి కంతలు పెట్టిన కుండ నెత్తిన బోర్లించుకుని మెడలోతు నీళ్ళలోకి దిగండి. పిట్టకి కుండే కనపడుద్ది, మనిషి కనపడడు. దగ్గరికి రాగానే, నీళ్ళ కింద చెయ్యి పోనిచ్చి దాని కాళ్ళు దొరకబుచ్చుకోవడమే."

ఇంకా జాగ్రత్తలేమన్నా ఉన్నాయా అని తాత అడిగాడు.

"ఒకటే మావా. కుండ నెత్తిన పెట్టి నీళ్ళలో దిగాక నోరు మెదపొద్దు. నేనొచ్చి సరేననేదాకా ఒక్కళ్ళు కూడా నోరు విప్పొద్దు."

గురువారం చేపలమ్ముకుని వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. నలుగురూ ఆ మాటలన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ ఇంటికొచ్చారు. ఒక్క మాట కూడా పోకూడదని దార్లో ఎవరూ ఎవర్నీ పలకరించలేదు.

మొదటి మాట ఖాళీ కుండలు. ఇంట్లో చూస్తే ఖాళీ కుండ ఒక్కటి లేదు. ఒకదాంట్లో బియ్యం, ఒకదాంట్లో కందిపప్పు, ఒకదాంట్లో చింతపండు, ఉప్పు, బెల్లం, మిరపకాయలు. నాన్న దిగాలుపడి కూర్చున్నాడు. తాత నవ్వాడు. పిచ్చోడా, ఖాళీ కుండ లేకపోతే ఏం, కుండని ఖాళీ చెయ్యలేమా అన్నాడు. ఇంకేముంది, నులక మంచం వాల్చి అన్నీ దాని మీద కుమ్మరించారు. బియ్యం మీద చింతపండు, చింతపండు మీద ఉప్పు, ఉప్పు మీద బెల్లం. నాయనమ్మ పక్కింటినుంచి వచ్చి ఆ మంచం చూసి నిర్ఘాంతపోయింది. ఏంటిది అంది. ఖాళీ కుండలు కావాలన్నాడని చెప్పారు. నాయనమ్మ కాసేపు ఆలోచించి, అయితే మంచినీళ్ళ కుండ మర్చిపోయారే అని తనే వెళ్ళి దాన్ని వాకిట్లో ఒంపేసి తెచ్చింది. నాయనమ్మ మా ఇంటికొచ్చి అప్పటికి ముప్ఫయ్యేళ్ళు.

ఆ పూట అమ్మ మంచం మీంచే గరిటెతో తీసి వండింది. పులిహోర బ్రహ్మాండంగా ఉందని తాత మెచ్చుకున్నాడు. బెల్లం ఎందుకేశావమ్మాయ్ అని మాత్రం అడిగాడు.

రెండో మాట నాలుగు వడ్లు. మొత్తం కుండలు పదిహేను. కుండకి నాలుగు చొప్పున వడ్లు లెక్కపెట్టి వేశారు. బోర్లించిన కుండ గుండ్రంగా ఉంటుంది కదా, వేసిన గింజ వేసినట్టే జారి కింద పడింది. మళ్ళీ వేశారు. మళ్ళీ పడింది. ఆ సాయంత్రమంతా ఒకళ్ళు వెయ్యడం, ఒకళ్ళు ఏరడం. అప్పుడు బుల్లియ్య చిన్నాన్నకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. షాపుకి పరిగెత్తి పంక్చర్ సొల్యూషన్ ట్యూబులు తెచ్చాడు. గింజకింత సొల్యూషన్ రాసి, పంక్చర్ పట్టీకి ఆరబెట్టినట్టే ఊదుతూ ఆరబెట్టి, కుండకి అదిమిపెట్టి అంటించారు. అరవై గింజలు. గోటితో గీకినా ఊడి రాలేదు. మా షాపు చరిత్రలో ఊడిపోకుండా అంటుకున్నవి ఆ అరవయ్యే.

పదకొండు కుండలు మంగళవారం పొద్దున్నే కొల్లేట్లో వదిలారు. నాలుగు కుండలు ఇంట్లో ఉంచి కళ్ళకి కంతలు పెట్టారు. మా తాతకి ఎడమ కంట్లో పువ్వు, ఆ కన్ను కనపడదు. కనపడని కంటికి కంత దండగ కదా అని ఒక్కటే పెట్టించుకున్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. నాన్నకి ఒక అనుమానమొచ్చింది. పిట్ట కుండకి అలవాటు పడాలన్నాడు సరే, మరి మనం అలవాటు పడొద్దా? అందరూ నాన్న తెలివిని మెచ్చుకున్నారు. అంతే. మంగళ, బుధ వారాలు రెండ్రోజులూ నలుగురూ కుండలు నెత్తిన పెట్టుకునే తిరిగారు. కుండలతోనే షాపు తెరిచారు. కుండలతోనే గాలి కొట్టారు. బస్సు దిగినవాళ్ళు చూసి ఇంకో వీధిలోంచి చుట్టు తిరిగి వెళ్ళారు. మధ్యాహ్నం నాయనమ్మ అన్నం తెచ్చింది. కుండ తియ్యకూడదు కదా, అందుకని కంతలోంచి ముద్ద పెట్టింది. ఏడుకొండలు చిన్నాన్న కంట్లో ఆవకాయ పడింది. పాపం కేకలేస్తే, ఘాటుకే ఇంత ఇదైతే పరజనేం పడతావురా అని తాత కసిరాడు.

మా అమ్మ తెలివైన ఇంటి పిల్లే. కాకపోతే అప్పటికి రెండేళ్ళుగా మా ఇంట్లో ఉంటోంది. ఎదురింటివాళ్ళు జాలిపడి మంచినీళ్ళకని ఒక కుండ ఇస్తే అది వంటింట్లో పీట మీద ఉంది. బుధవారం సాయంత్రం అమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చి ఆ కుండ ముందు పెట్టింది. తాగండి అంది. పలకలేదు. నేనన్న మాటకి కోపమొచ్చిందా అంది. పలకలేదు. ఒక్క పిట్ట కోసం అంత మాట అనకుండా ఉండాల్సింది, ఏదో నోరు జారాను అని కళ్ళు తుడుచుకుంది. వెనక నాన్న నిలబడి అంతా విన్నాడు. వెళ్ళి ఆ కుండ పక్కన తనూ కూర్చున్నాడు. అమ్మ ఈ కుండనీ ఆ కుండనీ మార్చి మార్చి చూసి, గ్లాసు మధ్యలో పెట్టి లేచి వెళ్ళిపోయింది.

గురువారం తెల్లారగట్ట నలుగురూ కొల్లేట్లో దిగారు. మెడలోతు అన్నాడు, ఎవరి మెడలోతు అని అనుమానమొచ్చింది. నోరు విప్పకూడదు కాబట్టి వేళ్ళతో సైగలు చేసుకుని, ఎవరి మెడ వాళ్ళదే అని తేల్చుకున్నారు. బుల్లియ్య చిన్నాన్న పొట్టివాడు, నాలుగడుగులకే మెడలోతు వచ్చింది. నాన్న పొడుగు. ఎంత దూరం పోయినా నీళ్ళు బొడ్డు దాటలేదు. చివరికి బురదలో మోకాళ్ళ మీద కూలబడి మెడదాకా మునిగాడు.

తాత సంగతి వేరు. చీకట్లో కుండ వెనకది ముందు చేసి పెట్టుకున్నాడు. కంత వెనక పడింది. తాతకి ఏమీ కనపడలేదు. కంత వెనకుందని తెలుసుకుని, దాంట్లోంచి చూద్దామని వెనక్కి తిరిగాడు. కంత కూడా తిరిగింది. ఇంకా కొంచెం తిరిగాడు. అదీ కొంచెం తిరిగింది. అలా తెల్లారేదాకా తాత నీళ్ళలో గానుగెద్దులా తిరుగుతూనే ఉన్నాడు.

తెలతెలవారుతుండగా పరజలొచ్చాయి. సైదులు చెప్పినట్టే కుండలకి అలవాటు పడిపోయాయి. ఎంత అలవాటు పడ్డాయంటే తిన్నగా వచ్చి కుండల మీద కూర్చున్నాయి. నాన్న నెత్తిన ఒకటి. చిన్నాన్నల నెత్తిన చెరొకటి. తాత నెత్తిన ఒకటి, అది తాతతో పాటు గుండ్రంగా తిరుగుతోంది. గింజల కోసం టక్ టక్ మని పొడవడం మొదలుపెట్టాయి. గింజ ఊడదే. మళ్ళీ పొడుస్తాయి. ఊడదు. పరజకి కూడా పంతం ఉంటుంది. మా వాళ్ళ నెత్తిన వాలినవి మా వాళ్ళలాంటివే, గింజ తినకుండా కదలమని కూర్చున్నాయి.

ఇంకేముంది, చెయ్యెత్తి పట్టుకోవచ్చు కదా అంటారు మీరు. మా వాళ్ళు అంత తొందరపడే రకం కాదు. నీళ్ళ కింద కాళ్ళు పట్టుకోమన్నాడు సైదులు. నెత్తిన కూర్చున్న పిట్ట కాళ్ళు నీళ్ళ కింద లేవు. అది దిగాలి, దిగి కాళ్ళు నీళ్ళలో పెట్టాలి, అప్పుడు పట్టుకోవాలి. నలుగురూ నీళ్ళ కింద చేతులు చాపుకుని ఎదురుచూశారు. ఈలోగా బుల్లియ్య చిన్నాన్న పిక్కని జలగ పట్టింది. అరవకూడదు. ఇంకోటి పట్టింది. చిన్నాన్న కుండలోపలే ఏడ్చాడు. బయటికి వినపడలేదు, కుండ కొంచెం వణికిందంతే.

ఎండెక్కింది. సైదులు రాలేదు. ఈపాటికి మావగారు బండి కట్టుకుని బయల్దేరి ఉంటారని నాన్న లెక్కేశాడు. ఎనిమిదేళ్ళు. నాన్న మెల్లిగా లేచాడు. నెత్తిన పరజ కదల్లేదు. ఒడ్డుకి నడిచాడు. కదల్లేదు. మిగతా ముగ్గురూ వెనకే వచ్చారు, తాతని చెరో చెయ్యి పట్టుకుని చిన్నాన్నలు నడిపించారు. అలా నలుగురు, నాలుగు కుండలు, నాలుగు పరజలు బజార్లోంచి వరసగా ఇంటికి బయల్దేరారు.

టీ కొట్టు దగ్గర జనం గ్లాసులు పట్టుకుని అలాగే ఉండిపోయారు. టీ కొట్టాయన ఆగలేక, నాంచారయ్యా, పిట్ట నీ నెత్తి మీదే ఉందిరా, పట్టుకోరా అన్నాడు. తల అడ్డంగా ఊపితే పిట్ట ఎగిరిపోతుంది కాబట్టి నాన్న చెయ్యి అడ్డంగా ఊపాడు. పిట్ట కాళ్ళు చూపించాడు. తర్వాత కిందికి పొడిగా ఉన్న రోడ్డు చూపించాడు. టీ కొట్టాయనకి ఏమీ అర్థం కాలేదు. మా తెలివి అంత తేలిగ్గా అర్థం కాదు.

నాయనమ్మకి మాత్రం చూడగానే అర్థమైంది. కాళ్ళు నీళ్ళలో లేవు, అందుకని పట్టుకోలేదు, అంతేగా అంది. వెంటనే పెద్ద గంగాళం తెచ్చి వాకిట్లో పెట్టి నిండా నీళ్ళు పోసింది. ఒక్కొక్కడే వచ్చి తల వంచండి, పిట్ట కాళ్ళు నీళ్ళలోకి రాగానే కింద చెయ్యి పెట్టి పట్టుకోండి అంది. అమ్మ గుమ్మంలో నిలబడి ఊపిరి బిగబట్టి చూస్తోంది. లోపల నేను కూడా బిగబట్టాను.

నాన్న గంగాళం ముందు మోకాళ్ళ మీద కూర్చుని మెల్లిగా తల వంచాడు. ఇంకొంచెం వంచాడు. పరజ కాలి వేలు నీటికి తగలబోతోంది. నాన్న చేతులు రెండూ నీళ్ళ కింద సిద్ధంగా ఉన్నాయి. అంతే. కుండ జారి గంగాళం అంచుకి ఠంగుమని తగిలి పగిలిపోయింది. నాలుగు పరజలూ ఒక్కసారి లేచాయి. పెంకుటింటి మీదుగా, ఎదురింటి కొబ్బరిచెట్టు మీదుగా కొల్లేటి వైపు పోయాయి. చూస్తుండగానే చుక్కలైపోయాయి.

సరిగ్గా అప్పుడే వీధిలో ఎడ్ల గంటలు వినపడ్డాయి.

అమ్మ వాళ్ళ నాన్న కోటిలింగం తాత కండువా దులుపుకుంటూ లోపలికొచ్చాడు. ఏం అల్లుడూ కులాసానా అన్నాడు. నాన్న పలకలేదు. సైదులు ఇంకా సరేననలేదు కదా. బావగారూ అని మా తాతని పిలిచాడు. తాత ఆ గొంతు ఎటునుంచి వస్తుందో చూద్దామని కుండతో పాటు ఒక చుట్టు తిరిగి, గోడవైపు మొహం పెట్టి దణ్ణం పెట్టాడు. కోటిలింగం తాత మొహం ఎర్రబడింది. పిల్లని పురిటికి తీసుకెళ్ళడానికొస్తే పలకరించడానికి నోరు రాలేదా ఈ ఇంట్లో ఎవరికీ అన్నాడు. ఆయన కూతురి వైపు తిరిగాడు.

"పరజ కూర తినాలనుందని కబురు పెట్టావు కదా తల్లీ. అదన్నా పెట్టారా వీళ్ళు?"

అమ్మ నాన్నని చూసింది. కుండ పగిలిపోయి మూతి మాత్రం నాన్న మెడలో దండలా మిగిలింది. ఒళ్ళంతా బురద. మోకాళ్ళు చెక్కుకుపోయాయి. చెంపల మీంచి నీళ్ళు కారుతున్నాయి, అవి గంగాళంలో నీళ్ళో ఇంకేవో తెలియదు. తుడుచుకోవడం కూడా లేదు, పిట్ట మళ్ళీ వస్తుందేమోనని చేతులింకా నీళ్ళ కిందే పెట్టుకుని కూర్చున్నాడు.

"తిన్నాను నాన్నా," అంది అమ్మ. "కడుపు నిండా తిన్నాను. ఇంకో ముక్కకి చోటు లేదు. మూడో నెల రాగానే మీ అల్లుడొచ్చి మమ్మల్ని తీసుకొచ్చేస్తారు, ఇప్పుడే చెప్తున్నా."

కోటిలింగం తాత కోపం దిగింది. అక్కడితో కథ సుఖంగా అయిపోవాల్సిందే. కానీ అప్పుడే సైదులు సైకిలాపి లోపలికొచ్చాడు. హేండిల్‌కి రెండు పరజలు వేలాడుతున్నాయి. కొల్లేటికి వెళ్ళి అక్కడెవరూ లేకపోతే ఇంటికొచ్చాడు. సరే, ఏమైందో చెప్పండి అన్నాడు.

సరేనన్నాడు. ఇంకేముంది, కట్ట తెగింది. ముగ్గురు కుండల్లోంచీ నాన్న కుండమూతిలోంచీ ఒకేసారి మాట్లాడారు. వాటన్నిట్లోకీ నాన్న గొంతే గట్టిగా వినపడింది. ఎప్పుడు తిన్నావే, నేను చూడలేదే అని అమ్మని అడుగుతున్నాడు.

తాత అందర్నీ ఆపాడు. కుండ తీసి పక్కన పెట్టి, లెక్క తేలుద్దాం ఆగండి అన్నాడు. పిట్టలెన్నొచ్చాయి అని నాన్ననడిగాడు. నాన్న మిగతా ముగ్గురి నెత్తినా తను చూసినవి లెక్కేసి మూడన్నాడు. ఏడుకొండలు చిన్నాన్న మూడన్నాడు. బుల్లియ్య చిన్నాన్న మూడన్నాడు. ఎవరి నెత్తిన ఉన్నది వాళ్ళకి కనపడదు కదా. తాత ఏమీ చూడలేదు, కానీ ఇంటికి పెద్ద, తక్కువ చెప్తే బాగోదని తనూ మూడన్నాడు. నాలుగు మూళ్ళు పన్నెండు. ఎగిరిపోయినవి ఎన్ని? నాలుగని నాయనమ్మ చెప్పింది. పన్నెండులో నాలుగు పోతే ఎనిమిది.

నలుగురూ మెల్లిగా తిరిగి అమ్మ పొట్ట వైపు చూశారు. ఏడో నెల పొట్ట. ఎనిమిది పరజలు పట్టేంత ఉంది.

సైదులు ఏమీ అర్థంకాక, ఇదిగో ఈ రెండూ ఉంచండి, అమ్మాయికి వండిపెట్టండి అని హేండిల్‌కున్న పరజలు విప్పబోయాడు. తాత చెయ్యడ్డం పెట్టాడు. వద్దు సైదులూ, ఇప్పుడే ఎనిమిది తింది, మీద ఇంకో రెండంటే పిల్ల తట్టుకోలేదు అన్నాడు. అమ్మ ఆ రెండు పిట్టల్నీ చూసి గుటక మింగింది. చూశారా, ఇంకా మింగుతూనే ఉంది అని బుల్లియ్య చిన్నాన్న బెంబేలు పడ్డాడు. ఈకలతో సహా మింగేసిందిరా అని నాన్న అదే తడి బట్టలతో కాంపౌండరు కోసం పరిగెత్తాడు.

కాంపౌండరు ఆయాసపడుతూ వచ్చాడు. మనిషెవరో చావుబతుకుల్లో ఉన్నారనుకున్నాడంట. ఎనిమిది బాతులని విని నాన్నని పైనుంచి కిందిదాకా చూశాడు, మెడలో కుండమూతిని కూడా చూశాడు. అమ్మ చెయ్యి చూశాడు, పొట్ట మీద గొట్టం పెట్టి విన్నాడు. తర్వాత నాన్నని పిలిచి గొట్టాలు నాన్న చెవులకి పెట్టి, విను, నీకే తెలుస్తుంది అన్నాడు. నాన్న విన్నాడు. లోపల చకచకా చకచకా ఏదో కొట్టుకుంటోంది.

"ఎన్నున్నాయండీ?" అన్నాడు నాన్న.

"ఒకటేనయ్యా. బంగారంలా ఉంది."

నాన్న గుండెల మీద చెయ్యేసుకుని కూలబడ్డాడు. ఏడు అరిగిపోయాయి, ఒక్కటే మిగిలింది అని అందరికీ చెప్పాడు. తర్వాత కాంపౌండరు చెయ్యి పట్టుకుని, దానికి ఈకలు అలాగే ఉన్నాయా అని అడిగాడు. లోపల్నుంచి అది నాకు వినపడింది. మా నాన్న నా గురించి అడిగిన మొదటి మాట అది.

ఎండ తగ్గాక అమ్మ బండెక్కింది. కోటిలింగం తాత అప్పటికి సంగతంతా గ్రహించాడు. వెళ్తూ వెళ్తూ బజార్లో సైదుల్ని పిలిచి, ఆ రెండు పరజల్నీ తీసుకుని బండిలో గడ్డి కింద పెట్టించుకున్నాడు. మైలు దూరం పోయాక అమ్మకి నవ్వాగలేదు, ఏడుపాగలేదు. మర్నాడు అమ్మమ్మ వండితే రెండు పూటలా తింది. ఈ సంగతి నాన్నకి చెప్పొద్దని అమ్మ నా చేత ఒట్టేయించుకుంది. నేను చెప్పలేదు. ఇప్పుడు రాశానంతే, చెప్పలేదు.

రెండు నెలలకి నేను పుట్టాను. కబురందగానే మా వాళ్ళు నలుగురూ నాయనమ్మా, పుట్టింది పరజైతే ఈదడానికి నీళ్ళు కావాలి కదా అని గంగాళం నెత్తిన పెట్టుకుని పన్నెండు మైళ్ళు నడిచొచ్చారు. తాత నన్ను దీపం దగ్గరికి తీసుకెళ్ళి కాలివేళ్ళు విడదీసి మధ్యలో పొర ఉందేమోనని చూశాడు. లేదు. వీపు తడిమాడు. ఈకలు లోపలే రాలిపోయుంటాయిలే అన్నాడు. నాయనమ్మ చెవుల్లోకి చూసింది. పొడిగా ఉన్నాయి. చూశారా, కోడలు తిన్నదని ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అంది. మూడో నెల రాగానే నాన్న వచ్చి అమ్మనీ నన్నూ తీసుకెళ్ళాడు. దారంతా నన్ను రెండు చేతుల్తో, కాళ్ళ దగ్గరే గట్టిగా పట్టుకున్నాడంట. కాలువ దాటేటప్పుడైతే మరీ గట్టిగా.

రేషన్ కార్డులో నా పేరు సాంబశివుడు. ఇంట్లో పరజ అంటారు. ఇప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. ఏటా కార్తీకం వెళ్ళగానే, కొల్లేట్లో పరజలు దిగే రోజుల్లో, తాత నా కుడికాలికి తాడు కట్టి షాపు గుంజకి బిగిస్తాడు. గుంపు నెత్తిమీంచి పోతూ పిలిస్తే నేను ఎగిరిపోతానని ఆయన భయం. పొడుగు తాడే, బస్టాండు దాకా వస్తుంది. గాలి కొట్టుకోవచ్చు, టీ తాగి రావచ్చు. మా వాళ్ళ అమాయకత్వం చూసి నాకు నవ్వొస్తుంది. నేను మనిషిని కదా తాతా అని ఒక ఏడాది ధైర్యం చేసి అన్నాను. తాత నా తల నిమిరి, ఎగిరేదాకా అన్ని పిట్టలూ కుదురుగానే ఉంటాయి నాయనా అన్నాడు. నేను కాలు చాపి ముడి వేయించుకున్నాను.

ఇవాళ మధ్యాహ్నం ఇది రాస్తుంటే ముడి దానంతటదే ఊడిపోయింది. నాన్న, చిన్నాన్నలు భోజనానికెళ్ళారు. తాత బల్ల మీద నిద్రపోతున్నాడు. బస్సు కూడా లేదు, రోడ్డంతా ఖాళీగా ఉంది. నేను లేచి కాలు దులుపుకున్నాను, తేలిగ్గా అనిపించింది. అంతలో షాపు మీదుగా పరజల గుంపొకటి పోయింది. తలెత్తి చూశాను. చాలాసేపు చూశాను.

తర్వాత కూర్చుని, ఎందుకైనా మంచిదని తాడు నేనే కట్టుకున్నాను. రెండు ముళ్ళు వేసి, వాటి మీద సొల్యూషన్ కూడా రాశాను.